శుక్రవారం వస్తుందన్న ఎర్రనీరు

గోదావరిని ఎప్పుడూ చూడనివాళ్లకు ముందు ఒక సంగతి చెప్పాలి. ఆ నది ఏటా ఒకసారి రంగు మారుతుంది. వేసవంతా ఆకుపచ్చగా, బూడిద రంగుగా కదలకుండా ఉన్నట్టుండే నీరు, ఆషాఢంలో పైన వానలు పడగానే ఎర్రమట్టి కలుపుకుని దిగుతుంది. అక్కడివాళ్లు దాన్ని ఎర్రనీరు అంటారు. మాది అనంతపురం. మా వైపు నది అంటే ఇసుక. నీళ్లు వచ్చాయంటేనే ఊరంతా వెళ్లి చూసి వస్తాం. వచ్చిన నీటి రంగు మారడం కూడా జనం ఎదురుచూసే కబురని నాకు ఈ ప్రయాణంలోనే తెలిసింది. తెలిసిన తీరే బాగాలేదు.

నేను వెళ్లింది నది కోసం కాదు. నేను ఎరువుల కొట్టులో లెక్కలు రాసే మనిషిని. చదువు ఇంటర్‌తో ఆగింది. సగటులు, శాతాలు, రెండు వరుసల అంకెలకు సంబంధం ఉందో లేదో తేల్చే పద్ధతులు పాత పుస్తకాలు కొని నాకు నేనే నేర్చుకున్నాను. ఆ సంగతి తెలిసి మా ఊరి నర్సింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల లెక్కలకు నా దగ్గరికి వస్తుంటారు. అలా పరిచయమైనవారే వసుంధర మేడం. నర్సింగ్ పాఠాలు చెప్తారు. రోగికి మందులు, సెలైన్లే కాకుండా, అతని నమ్మకానికి, చావు భయానికి, చివరి కోరికకు కూడా నర్సు ఆసరా కాగలదా, ఎంతవరకు కాగలదు అన్నది ఆవిడ పరిశోధన. దానికి ‘ఆధ్యాత్మిక సంరక్షణలో నర్సుల సామర్థ్యం’ అని పేరు పెట్టారు.

మా జిల్లాలో పని అయిపోయింది. పోల్చి చూడటానికి గోదావరి వైపు ఆసుపత్రులు కావాలి. ఆవిడకు పరీక్షల డ్యూటీ పడింది. అనుమతి ఉత్తరాలు, ప్రశ్నల కాగితాలు నా సంచిలో పెట్టి నన్ను పంపారు. నర్సులకు కాగితాలు ఇచ్చి నింపించుకోవాలి. ఒక వార్డులో మాత్రం కొన్ని రోజులు కూర్చుని కళ్లతో చూసింది రాసుకోవాలి. రైలెక్కించే ముందు మూడు మాటలు చెప్పారు. “చూడండి, రాయండి, కలగజేసుకోకండి.” మొదటి రెండూ సరిగ్గానే చేశాను.

కొవ్వూరు

గోదావరికి ఇవతలి గట్టున, రాజమండ్రికి ఎదురుగా ఉంటుంది కొవ్వూరు. పొద్దున్నే దిగాను. దిగాక గుర్తొచ్చింది, గొడుగు రైల్లోనే ఉండిపోయింది. మా ఊళ్లో గొడుగు మరిస్తే ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ స్టేషను బయటికి వచ్చేసరికే తడిసిపోయాను.

ఒక పాకలో పెసరట్టు తిన్నాను. లోపల ఉప్మా పెట్టి మడిచి ఇచ్చారు. ఇడ్లీలో దోసె పెట్టినట్టుందే అనుకున్నాను కానీ రెండోది కూడా అడిగాను. ధర మా ఊరి కంటే తక్కువే. పక్కన కూర్చున్నాయన నా మాట విని, “మీది సీమాండి?” అన్నాడు. అవునన్నాను. “సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచేది అక్కడేనాండి?” అని నవ్వాడు. “మాకు బస్సులే సరిగ్గా రావండి, సుమోలు ఎక్కడివి?” అన్నాను. ఆయన నా టీకి కూడా డబ్బులిచ్చి వెళ్లాడు. ఈ ప్రాంతపు పద్ధతి అదేననుకుంటాను. ముందు ఒక చురక వేస్తారు, తర్వాత మర్యాద చేస్తారు.

ఆసుపత్రిలో నర్సులందరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. కాగితం మీద ఒక్కో వాక్యానికి ఎదురుగా ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి. ‘రోగి నమ్మకాలేమిటో అడిగి తెలుసుకోగలను’, ‘చావు గురించి రోగి మాట్లాడితే విని కూర్చోగలను’, ఇలాంటి వాక్యాలు. తమకు ఎంత చేతనవునో అంత అంకెకు సున్నా చుట్టాలి.

ఒక చిన్న నర్సు చెయ్యెత్తింది. “పాస్ మార్కు ఎంతండి?”

“పాసూ ఫెయిలూ లేదమ్మా. మీకెంత చేతనైతే అంత.”

“అంటే తక్కువ పెడితే ట్రైనింగ్‌కి పంపుతారాండి?”

నేను సమాధానం చెప్పేలోపే వాళ్ల పెద్ద నర్సు అందుకున్నారు. “ఎందుకే ఆ ప్రశ్నలు. మన ఆసుపత్రి పేరు పోకూడదు. అందరూ ఐదులు చుట్టండి.”

కలాలు టకటకా కదిలాయి. టీ వచ్చేలోపు అందరూ నింపేశారు. చావు గురించి విని కూర్చోవడానికి కొవ్వూరులో అందరూ సిద్ధమే. ఇంటికొచ్చాక సగటులు కడితే ఆ ఆసుపత్రే అన్నిటికన్నా పైన నిలిచింది. మేడం సంతోషించారు. ఆ గదిలో జరిగింది కూడా చెప్పాను. “అది అన్నిచోట్లా ఉండేదే” అన్నారు.

వంతెన మీద

మధ్యాహ్నం ప్యాసింజర్ బండిలో రాజమండ్రి వెళ్లాను. కిటికీ పక్క సీటు దొరికింది. బండి వంతెన మీదికి రాగానే పెట్టెలో సగం మంది లేచి నా మీదుగా వంగారు. రూపాయి, రెండు రూపాయల బిళ్లలు కళ్లకద్దుకుని నదిలోకి విసిరారు. ఒకావిడ మోచెయ్యి నా కళ్లజోడుకు తగిలింది. “ఏమనుకోకండి బాబుగారూ, తల్లి కనబడితే ఆగలేం” అంది. నేను సీటు వదల్లేదు. కిటికీలోంచి పడే బిళ్లలు లెక్కపెడుతున్నాను. అప్పటికి నీరు బూడిద రంగులోనే ఉంది.

రాజమండ్రిలో లాడ్జి గదికి సామాను చేర్చి, గులాబీ రంగు పాలు ఒక గ్లాసు తాగి, ఆసుపత్రికి ఆటో ఎక్కాను.

గట్టు పక్క వార్డు

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్లే దారిలో, గట్టు పక్కనే ఉన్న చిన్న ఆసుపత్రి అది. పేరు చెప్పను. ఎక్కువగా పేదవాళ్లు వస్తారు. నన్ను కూర్చోబెట్టిన మగవాళ్ల వార్డులో మంచాలు రెండు వరుసలు. దక్షిణపు గోడకు ఒకే ఒక పెద్ద కిటికీ. గట్టు అక్కడ వంపు తిరగడం వల్ల ఆ కిటికీలోంచి ఒక ముక్క గోదావరి కనిపిస్తుంది.

ఆ వార్డు నర్సు సువార్త. నలభై లోపు ఉంటుంది. ఆవిడకు కాగితం ఇస్తే అందరికంటే ఎక్కువసేపు తీసుకుంది. మధ్యలో ఒకసారి లేచి వచ్చింది.

“సార్, ఇందులో చెయ్యగలను అని ఉంది. చెయ్యగలనా, చేస్తున్నానా? ఏది అడుగుతున్నారండి?”

“చెయ్యగలరా అనే.”

“చెయ్యగలను కానీ టైముండదండి. దానికి ఎంత?”

“మీకు తోచినంత” అన్నాను. ఆవిడ దాదాపు అన్నిటికీ మూడు చుట్టి ఇచ్చేసి సెలైన్ మార్చడానికి వెళ్లిపోయింది.

కిటికీ కింద మంచం తాతారావుది. గోదావరిలో చేపల వేటకు వెళ్లే మనిషి. డెబ్బై దాటాయి. ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లమనీ అనలేదు, నయమవుతుందనీ అనలేదు. భార్య నూకాలమ్మ మంచం పక్కనే చాప మీద ఉంటుంది. ఆవిడ ఆయన్ని మావా అని పిలుస్తుంది. తెచ్చుకున్న క్యారేజీ విప్పినప్పుడల్లా నాకూ ఒక గిన్నె పెట్టింది. వద్దంటే ఊరుకోదు. చింతకాయ వేసి వండిన చిన్న చేపల పులుసు అది. మా ఇళ్లలో చేప అంటే ఏడాదికి రెండుసార్లు. ముళ్లు తీయడం చేతకాక నేను పడే అవస్థ చూసి తాతారావు ఆయాసంలోనే నవ్వాడు.

“ముల్లు తీయలేనోడు ఆసుపత్రుల్ని లెక్కెడతాడంట, ఇన్నావా?” అన్నాడు భార్యతో.

ఆయన మంచం తల కిటికీ గోడకు ఆనించి ఉంది. అంటే తల దక్షిణానికి, కాళ్లు ఉత్తరానికి. ఎదురుగా కనిపించేది సున్నం రాలిన గోడ, దాని మీద ఆగిపోయిన ఫ్యాను. నది ఆయన తల వెనక ఉంది.

ఆయనకు కావలసింది ఒక్కటే. ఎర్రనీరు చూడాలి. ఊహ తెలిసినప్పటి నుంచి ఏటా మొదటి ఎర్రనీరు దిగిన రోజున రేవులోకి దిగి, పసుపు, కుంకుమ నీళ్లలో వదిలి, దోసిలి పట్టి కళ్లకద్దుకుంటాడట. అది చెయ్యకుండా ఏ సంవత్సరమూ వల వెయ్యలేదట. ఈసారి రేవులోకి దిగలేడని ఆయనకు తెలుసు. కంటితో చూసి చెయ్యెత్తి దండం పెట్టుకుంటే చాలన్నాడు. పసుపు, కుంకుమ పొట్లం దిండు కింద పెట్టుకున్నాడు. పోయేలోపు ఆ నీళ్లు వస్తాయా రావా అన్నదే ఆ మంచం చుట్టూ ఉన్న ప్రశ్న. నూకాలమ్మ దాన్ని పైకి అనేది కాదు. పొద్దునా సాయంత్రం లేచి కిటికీలోంచి తొంగి చూసి, “ఇంకా రాలేదు మావా” అని మాత్రం చెప్పేది.

ఉత్తరం తల

మర్నాడు బుధవారం. నేను వెళ్లేసరికి వార్డులో గొడవ జరుగుతోంది.

పొద్దున డ్యూటీకి రాగానే సువార్త మంచం చక్రాల బ్రేకు తీసి, వార్డు బోయ్ సాయంతో తాతారావు మంచాన్ని అటుది ఇటు తిప్పేసింది. ఇప్పుడు ఆయన తల ఉత్తరానికి, కాళ్లు కిటికీ వైపు ఉన్నాయి. వెనక రెండు దిళ్లు పెడితే నది ఎదురుగా కనిపిస్తోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు. అప్పుడే పలకరించడానికి వచ్చిన ఆయన తమ్ముడు పెంటయ్యకు అది చూసి ఒళ్లు మండిపోయింది.

ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదన్నది మా ఇళ్లలోనూ ఉంది. కానీ చనిపోయినవాళ్ల తల ఎటు పెట్టాలన్నది ఊరికో తీరు. మా వాళ్లు దక్షిణానికి పెడతారు. తాతారావు ఇంట్లో ఉత్తరానికి పెడతారట. కాబట్టి పెంటయ్య కంటికి అన్న ఏ తీరున కనిపించాడో ఊహించుకోవచ్చు.

“ఏమ్మా, మనిషింకా ఉండగానే పీనుగుని పడుకోబెట్టినట్టు పెట్టేసేవేంటి? మీ మతంలో లేదేమో. మాకుంది” అన్నాడు.

సువార్త ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. “మతం కాదండి. ఆయన అడిగారు.”

“అడిగితే? సిన్నపిల్లోడు సందమామనడుగుతాడు!”

కేకలు విని హెడ్ సిస్టర్ వచ్చారు. “సువార్తా, నీకెందుకమ్మా ఈ తిప్పడాలు? కంప్లైంట్ వస్తే నేను చెప్పుకోలేను” అన్నారు.

సువార్త మంచం దగ్గరికి వెళ్లి అందరి ముందే ఆయన్ని అడిగింది. “తాతా, తల ఎటు ఉండమంటావు?”

తాతారావు ఊపిరి కూడదీసుకున్నాడు. “ఎటుంటే ఏంటమ్మా. అది కనబడాల.”

“ఇన్నారుగా!” అంది సువార్త.

“అన్నకేం తెలుసు, జొరంలో ఉన్నాడు” అన్నాడు పెంటయ్య. నూకాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తోంది. ఆవిడకు మొగుడి కోరికా తీరాలి, మొగుడూ ఉండాలి. అలా తల పెడితే నిజంగానే ఏమన్నా అవుతుందేమోనన్న భయం ఆవిడ కళ్లలో ఉంది. నేను బెంచీ మీద కూర్చుని రాసుకుంటున్నాను.

అప్పుడు తాతారావే నా వైపు చెయ్యి చూపించాడు. “బాబూ, లెక్కలు కడతావంట గదా. ఎర్రనీరు ఎప్పుడొత్తాదో కట్టి సెప్పు.”

అందరూ నా వైపు తిరిగారు. లెక్క అడిగితే ఊరుకోలేని జబ్బు నాది. లేచాను. పెంటయ్యను అడిగాను. ఆ పొద్దున్నే భద్రాచలం దగ్గర నీరు ఎర్రబడిందని కబురొచ్చిందన్నాడు. అక్కడినుంచి ఇక్కడికి ఎన్నాళ్లు పడుతుందంటే, “ఒక్కోయేడు ఒక్కోలా” అన్నాడు. అది నాకు చాల్లేదు. బయటికి వెళ్లి టీ కొట్టాయన్ని అడిగాను. పోలవరం నుంచి వచ్చిన వాచ్‌మన్‌ని అడిగాను. లాంచీ మీద పనిచేసే అతని నంబరు వాచ్‌మన్ ఇస్తే ఫోన్ చేశాను. నీరు సన్నగా ఉంటే ఎంత, జోరుగా ఉంటే ఎంత, దూరమెంత, అన్నీ రాసుకుని కట్టాను. ఎటు కట్టినా శుక్రవారం పొద్దున అనే తేలింది.

వార్డులోకి వచ్చి చెప్పాను. ఆ లెక్కతో పాటు ఒక ఉపాయం కూడా చెప్పాను. “శుక్రవారం దాకా మంచం మామూలుగానే ఉంచండి. శుక్రవారం పొద్దున నీళ్లు రాగానే తిప్పి, చూపించి, మళ్లీ యథాప్రకారం పెట్టెయ్యండి. ఉత్తరం తల కాసేపే కదా.”

నా మాట అందరికీ అనుకూలంగా ఉంది. పెంటయ్య, “అద్గదీ, అదీ మాట” అన్నాడు. హెడ్ సిస్టర్ తల ఊపారు. నూకాలమ్మ నా చేతులు పట్టుకుంది. సువార్త ఒక్కతే నా వైపు తిరిగింది.

“శుక్రవారం ఖచ్చితమేనాండి?” అంది.

“ఖచ్చితం” అన్నాను.

తాతారావు మాత్రం వేళ్లు మడిచి చూసుకున్నాడు. “సుక్రోరమా. అమ్మోరి వారం. మంచిదే. ఉంటాలే అయితే” అన్నాడు.

మంచాన్ని మళ్లీ తిప్పి తల వైపు గోడకు ఆనించారు. నేనూ ఒక చెయ్యి వేశాను. ఆ పూట రాజమండ్రి వెళ్లి సంతోషంగా భోజనం చేశాను. పనసపొట్టు కూర వడ్డించారు. ఆవ పెట్టిన ఆ కూర మా వైపు ఉండదు. రెండుసార్లు వేయించుకున్నాను. కలగజేసుకోవద్దన్న మేడం మాట గుర్తురాకపోలేదు. ఇంత మంచి ఫలితం వస్తే ఆవిడ కూడా ఒప్పుకుంటారనుకున్నాను.

కోరుకొండ

గురువారం కోరుకొండలో పని ఉంది. అక్కడి ఆసుపత్రిలో కాగితాలు ముందే ఇచ్చారు, తెచ్చుకోవడమే. వెళ్లేసరికి ఇంకా నింపలేదు. “మధ్యాహ్నం రండి సార్, కొండెక్కి దర్శనం చేసుకుని రండి” అన్నారు.

ఆ కొండ మీద లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు. మెట్లు నిటారుగా ఉంటాయి. లెక్కపెడుతూ మొదలుపెట్టాను. సగానికి ఊపిరందక లెక్క తప్పింది. మళ్లీ మొదటికి దిగే ఓపిక లేదు, వదిలేశాను. సన్నటి తుంపర పడుతోంది. దర్శనమయ్యాక మంటపంలో కూర్చుంటే కొబ్బరికాయలమ్మే ఆవిడ పక్కన కూర్చుంది. ఉత్తరంగా మబ్బులు నల్లగా, దగ్గరగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. ఎంత బాగున్నాయో అన్నాను.

“మీకు బాగానే ఉంటాయండి. పైన ఏజెన్సీ అడవుల్లో మూడ్రోజుల్నించి ఒకటే వాన. మా అల్లుడు అక్కడ చిక్కడిపోయాడు. వాగులన్నీ పొంగేసేయంట, శబరి అయితే ఒడ్లు దాటేసిందంట” అంది.

అయ్యో అన్నాను. అల్లుడు ఏం పని చేస్తాడని అడిగాను. ఆవిడ దగ్గర ఒక కొబ్బరికాయ కొని తాతారావు పేరున కొట్టించాను. శబరి నది గోదావరిలోనే కలుస్తుందని, అదీ భద్రాచలం దాటాక, ఇటు దగ్గరగా కలుస్తుందని నాకు తెలియదు. నిన్న నేను అడిగినవాళ్లందరినీ భద్రాచలం నుంచి ఎంతసేపని మాత్రమే అడిగాను. వాళ్లు అడిగినదానికే చెప్పారు. నా లెక్కలో తప్పులేదు. ఒక నది లేదు.

కొబ్బరి ముక్కలు నములుతూ తీరిగ్గా కొండ దిగాను.

మళ్లీ గట్టు మీద

కాగితాలు తీసుకుని బస్సులో రాజమండ్రి, అక్కణ్నుంచి ఆటోలో ఆసుపత్రికి బయల్దేరేసరికి మూడు దాటింది. ఆటో గట్టెక్కగానే నీళ్లు కనిపించాయి.

ఎర్రగా ఉన్నాయి. చివరి నుంచి చివరి దాకా, కొత్తగా అలికిన అరుగులా. గుర్రపుడెక్క మొక్కలు తేలిపోతున్నాయి. రేవుల్లో ఆడవాళ్లు మోకాళ్ల దాకా దిగి దండాలు పెడుతున్నారు. ఆటో డ్రైవరు కూడా ఒక చెయ్యి తీసి కళ్లకద్దుకున్నాడు.

“ఇదెప్పుడొచ్చింది?”

“తెల్లారగట్లండి. శబరి తోసేసింది కదా.”

ముందే వచ్చింది, మంచిదే, చూసి ఉంటాడు అనుకున్నాను. ఆటోలో ఆ కాసేపూ నిజంగా సంతోషించాను.

వార్డులో కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. పొద్దుట్నుంచీ జల్లు లోపలికి కొడుతోందని మూసేశారట. మంచం గోడకు ఆనించే ఉంది. తాతారావు ముఖం మీద దుప్పటి కప్పారు. నేను రావడానికి గంట ముందే పోయాడు.

నూకాలమ్మ ఏడవడం ఆపి నన్ను చూసింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. జరిగింది చెప్పింది.

“పొద్దున్నే అడిగాడు బాబూ. తిప్పవే అన్నాడు. రేపే కదా మావా అన్నాను. సర్లే అన్నాడు. టీ అబ్బాయొచ్చి ఎర్రనీరొచ్చిందన్నాడు. మా మరిది, అది వాననీళ్లురా, బురద కలిసింది, లెక్కకట్టినాయన రేపన్నాడు అన్నాడు. కిటికీ తీసి సూసినా అయిపోను. ఆయన దగ్గుతుంటే జల్లు పడతాదని తియ్యలేదు. మళ్లీ అడగలేదు బాబూ. ఒక్కసారే అడిగాడు.”

పెంటయ్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

సువార్తకు ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. రెండు గంటలకు గట్టు మీద వస్తూ నీళ్లు చూసి, పరుగున వార్డుకు వచ్చిందట. అప్పటికి డాక్టరు చెయ్యి పట్టుకుని చూస్తున్నారు. ఇప్పుడు ఆవిడ సెలైన్ సూది తీసి, దూది పెట్టి, ఆ చెయ్యిని సర్దుతోంది. నన్ను చూసి, “వచ్చారాండి” అంది, అంతే.

“నేను చెప్పకపోతే బాగుండేదమ్మా” అన్నాను.

ఆవిడ ఆ చేతి వేళ్లు తిన్నగా పెట్టింది. “నిన్న నేను తిప్పేసిందాన్ని తిప్పేసినట్టే ఉంచితే ఏమయ్యేదండి? హెడ్ సిస్టర్ రెండు మాటలనేవారు. అంతే కదా. మీరు శుక్రవారం అనగానే, పోన్లే, గొడవ తప్పిందనుకున్నాను” అంది.

నూకాలమ్మ లేచి నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుని పెంటయ్య వైపు చూసింది. “ఇప్పుడు తిప్పాల కదా” అంది. వాళ్ల పద్ధతి ప్రకారం ఇప్పుడు తల ఉత్తరానికి ఉండాలి.

సువార్త వంగి బ్రేకు తీసింది. “సార్, అటువైపు పట్టుకోండి” అంది నాతో. నిన్న పట్టుకున్న చోటే పట్టుకున్నాను. ఒక చక్రం కీచుమంది. మంచం నెమ్మదిగా అటుది ఇటు తిరిగింది. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చుని చూస్తున్నారు. సువార్త వెళ్లి కిటికీ తలుపులు రెండూ బార్లా తీసింది. జల్లు లోపలికి పడింది. ఎవరూ మూయమనలేదు. కాళ్ల వైపు కిటికీ నిండా ఎర్రటి నీరు పోతోంది.

పెంటయ్య వచ్చి దిండు కింద చెయ్యి పెట్టాడు. పసుపు, కుంకుమ పొట్లం తీసుకుని బయటికి వెళ్లాడు. గట్టు దిగి రేవులోకి వెళ్లడం కిటికీలోంచి కనిపించింది. నీళ్లలో వంగి లేచాడు. తిరిగొచ్చినప్పుడు చేతులు తడిగా, ఎర్రగా ఉన్నాయి. దుప్పటి తొలగించి ఆ తడి చేతులతో అన్న కళ్లు తుడిచాడు. “అన్నా, వచ్చేసింది” అన్నాడు. అప్పుడు ఏడ్చాడు.

తిరుగు ప్రయాణం

శుక్రవారం పొద్దున రాజమండ్రిలో రైలెక్కాను. వాన వెలిసింది. కిటికీ పక్క సీటే వచ్చింది. ఎదురుగా ఒక పెద్దావిడ, మనవరాలితో విజయవాడ వెళ్తోంది. బండి వంతెన మీదికి రాగానే అందరూ లేచారు. ఆవిడ కూడా చిల్లర బిళ్ల చేతిలో పట్టుకుని లేచింది కానీ మోకాళ్లు సహకరించక మళ్లీ కూర్చుండిపోయింది.

“అబ్బ, ఎంత ఎర్రగా ఉందో. ఎన్నాళ్లుంటుందండి ఈ ఎరుపు?” అని నన్నడిగింది.

ఆ సమయానికి ఆ లెక్క నాకు తెలుసు. పైన ఎంత నీరుంది, ఎప్పుడు తేరుకుంటుంది, రాత్రంతా లాడ్జిలో కూర్చుని అందరికీ ఫోన్లు చేసి తెలుసుకున్నాను. శబరితో సహా.

“తెలియదమ్మా” అన్నాను.

లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని నా సీట్లో కూర్చోబెట్టాను. ఆవిడ బిళ్ల కళ్లకద్దుకుని విసిరి, కిటికీ కమ్మీలు రెండు చేతులా పట్టుకుని, వంతెన అయిపోయేదాకా చూస్తూనే ఉంది.